గరిటె పట్టినవాడు

"పిల్లికి విదిల్చినా ఇంతకన్నా ఎక్కువే విదిలిస్తారు," అని అన్న కంచం ముందుకు తోశాడు.

"ఇష్టముంటే తిను. లేకపోతే లే," అన్నాడు తమ్ముడు.

గిన్నెలో కూర ఇంకా సగానికి పైనే ఉంది. మూత పెట్టేముందు గిన్నె కాస్త వంచి మరీ అన్నకు చూపించాడు. కసి అంటే అట్లా ఉండాలి.

ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. అన్న పెళ్లే చేసుకోలేదు. తమ్ముడికి భార్య పోయింది, కూతురు పెళ్లయి వెళ్లిపోయింది. ఒకరి పొడ ఒకరికి గిట్టదు. అయినా ఒకే కప్పు కింద పడి ఉండటానికి కారణం వాళ్ల నాన్న. ఇల్లు అమ్మకూడదు, పంచుకోకూడదు, ఇద్దరూ అందులోనే ఉండాలి, ఆఖరికి మిగిలినవాడిదే ఇల్లు అని రాసి మరీ పోయాడు. కొడుకులు కలిసుంటారని ఆయన ఆశ. ఒకడి చావు కోసం ఒకడు కాచుకు కూచుంటాడని ఊహించలేదు పాపం.

తమ్ముడికి ఆ ఇల్లు కావాలి. కూతురు ఇద్దరు పిల్లల్ని వేసుకుని చెమ్మ పట్టిన ఒంటి గదిలో అద్దెకుంటోంది. చిన్నదానికి దగ్గు తగ్గదు. "నాన్నా, మేడమీద గది ఖాళీయే కదా," అని అది అడిగినప్పుడల్లా వెళ్లి అన్నని బతిమాలేవాడు. అన్న మాత్రం ససేమిరా అన్నాడు.

"పిల్లల గోల నాకు పడదు. నేను పోయాక తెచ్చుకో."

ఎనిమిదేళ్లు పెద్దవాడు. వరస ప్రకారం ముందు పోవలసింది ఆయనే. ఆ వరసకి కాస్త చేయూతనిద్దామనుకున్నాడు తమ్ముడు.

అలాగని విషం పెట్టే రకం కాదు. హోటల్లో వంటమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. వంటలో విషం కలపడం వృత్తికే అవమానం. అయితే వంటింటి పెత్తనం తనది. ముసలి ఒంటికి తిండి తగ్గిస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ రోజు నుంచే అన్నకి అరకంచం.

అన్న పనిచేసింది ఏదో మెడికల్ కాలేజీ ల్యాబులో. ముసలితనం ఎందుకొస్తుందో తేల్చడం ఆయన ఉద్యోగం. దానికోసం బతుకంతా ఎలుకల్ని సాకాడు.

"ముసలితనం ఎందుకొస్తుందో తెలీడానికి అంత చదువెందుకు? పుట్టాం కాబట్టి వస్తుంది!" అని తమ్ముడు మొహం మీదే నవ్వేవాడు. ఏం కనిపెట్టావని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఆయనే ఎప్పుడైనా మొదలెడితే, "తినేచోట ఎలుకల మాటెత్తకు," అని నోరు మూయించేవాడు.

కంచాల దగ్గర యుద్ధం రోజూ ఉండేది.

"కడుపు మాడ్చి చంపుతావురా నన్ను?"

"నీ చావుకి నేనెందుకు? నీ వయసు చాలదూ?"

"మింగు, అంతా నువ్వే మింగు! ఆ బానపొట్టకి ఇంకో గరిటె వేసుకో!"

తమ్ముడు వేసుకునేవాడు. ఆకలి తీరాక కూడా తినేవాడు. అన్న కళ్లు తన కంచం మీదే ఉంటే ముద్దముద్దకీ రుచి పెరిగేది.

ఒకసారి కూతురొచ్చి చూసింది. "పెదనాన్న చిక్కి సగమైపోయాడు. ఏమిటీ పాపం?" అని ఏడ్చింది. పెదనాన్న దగ్గరికెళ్లి, పోనీ బయటైనా కొనుక్కు తినమంది.

"నా ఇంట్లో నాకు తిండి దొరకదా? వీధిన పడి తినే ఖర్మ నాకేం పట్టలేదు!" అని ఆయన దాని మీద కూడా అరిచాడు.

తమ్ముడికి ఆ పూట ఎందుకో మనసు మెత్తబడింది. ఎంతైనా తోడబుట్టినవాడు. కంచం నిండా వడ్డించాడు. అన్న ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడు.

"నిన్ను వంటవాడని పెట్టుకున్నవాణ్ని అనాలిరా! మనుషులు తినేదేనా ఇది?"

అని ఆ అమ్మాయి ఎదుటే కంచం చెత్తబుట్టలో బోర్లించాడు. వంటమాస్టరుకి అంతకన్నా పెద్ద చెప్పుదెబ్బ ఇంకేముంటుంది? ఒళ్లు మండిపోయింది. మర్నాటి నుంచి మళ్లీ అరకంచమే.

ఏళ్లు గడిచాయి. ఎదురుచూసిన చావు రాలేదు. అన్న ఎండి కట్టెలా అయ్యాడు గాని ఒక్కరోజు మంచం పట్టలేదు. మేడ మెట్లు చకచకా ఎక్కేవాడు. తమ్ముడికేమో షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. పాపి చిరాయువని ఊరికే అన్నారా అని పళ్లు నూరుకునేవాడు.

ఒక మధ్యాహ్నం భోజనం దగ్గరే తమ్ముడు గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆంబులెన్సుకి ఫోను చేసింది అన్నే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ రిపోర్టులు చూసి పెదవి విరిచింది. "మీ గుండె మీకన్నా చాలా ముసలిదైపోయిందండీ. ఇంత ఆలస్యంగానా వచ్చేది?"

తమ్ముడికి కూతురి గది కళ్లముందు మెదిలింది.

అంతలో గుమ్మంలో అన్న కనబడ్డాడు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సార్, మీరా! నన్ను గుర్తుపట్టారా? మీ దగ్గర చదువుకున్నాను. అప్పుడెంత చురుగ్గా ఉన్నారో ఇప్పుడూ అంతే చురుగ్గా ఉన్నారే!"

"అంతా మా తమ్ముడి చలవమ్మా. ఇన్నేళ్లూ వాడి చేతి తిండే," అన్నాడు అన్న. మందుల చీటీ అందుకుని చకచకా వెళ్లిపోయాడు.

ఆ మాట తమ్ముడికి ఎక్కడో గుచ్చుకుంది. డాక్టరమ్మ కొంగు పట్టుకున్నంత పనిచేసి అడిగాడు.

"ఇంతకీ ఆ ఎలుకలతో ఆయనేం కనిపెట్టాడమ్మా?"

"ఇంట్లో ఉండి మీకు తెలీదా? కడుపునిండా మేపిన ఎలుకలు తొందరగా ముసలివై చచ్చిపోతాయనీ, అరకడుపుతో ఉంచినవే ఎక్కువకాలం బతుకుతాయనీ మాకు చూపించింది సారే కదండీ!"