మూడో ఇంజెక్టర్

ఆర్డిస్ కారు మళ్ళీ ఓర్విన్ రిపేరు షెడ్డుకొచ్చింది. వారంలో ఇది రెండోసారి.

ఆ చుట్టుపక్కల పొలాల్లోని ఇళ్ళన్నిటికీ ఉత్తరాలు పంచేది ఆవిడే. ఇంజను వేడెక్కగానే కారు దగ్గి దగ్గి ఆగిపోతోంది. అమెరికాలోని ఉత్తర డకోటాలో, అందులోనూ గడ్డకట్టే జనవరి చలిలో, దారి మధ్య కారు ఆగిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే.

"ఏం ఓర్విన్, నా కారు బాగుచేస్తున్నావా, పెంచుకుంటున్నావా?" అంటూ తాళాలు బల్ల మీద పడేసింది.

"ఈసారి కొత్త ఇంజెక్టర్ వేస్తాలే."

"మొన్న వేసిందీ కొత్తదేగా?"

ఓర్విన్ బల్ల మీది తాళాలు అందుకున్నాడు. కారుకి కంప్యూటర్ తగిలించిన ప్రతిసారీ తప్పు మూడో సిలిండర్‌దనే చెబుతోంది. అందులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ని మార్చినా అదే మాట.

ఇలాంటప్పుడే అతనికి ఆ గొంతు గుర్తొస్తుంది.

షెడ్డు పెట్టిన కొత్తలో మెకానిక్కుల కోసం ఒక ఫోను నంబరుండేది. చిక్కుపడ్డవాడు ఫోన్ చేస్తే, అటునుంచి ఒకాయన ఏం చూడాలో, ఎలా చూడాలో చెప్పేవాడు. పదకొండు చలికాలాలు ఓర్విన్ ఆ గొంతు దగ్గరే పని నేర్చుకున్నాడు. నిండైన గొంతు. నవ్వితే రిసీవరు అదిరేది. ఓర్విన్ పేరూ ఊరూ ఆయనకి కంఠతా వచ్చు; తన పేరడిగితే మాత్రం, "నా పేరు చెబితే నీ బండి స్టార్టవుతుందా నాయనా?" అనేవాడు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి, ఆ లైను ఎత్తేశారు. మీ వల్లే బతుకుతున్నానని చెప్పుకునే వీలే దొరకలేదు. ఇప్పటికీ ఏమీ తోచనప్పుడు ఓర్విన్ ఆ నంబరు నొక్కుతాడు. వాడుకలో లేదన్న మాట పూర్తిగా విని పెట్టేస్తాడు. కన్నతండ్రి పోయినప్పుడు కూడా అతనికి ఇంత వెలితి అనిపించలేదు.

అతను ఇంజను స్టార్ట్ చేసి బానెట్ ఎత్తుతుండగా ఒక ముసలాయన తలుపు తోసుకుని వచ్చాడు. మెడకి మఫ్లర్, చేతిలో చిన్న నోటు పుస్తకం.

"ఏం కావాలి పెద్దాయనా?"

'ఆయిల్ మార్చాలి' అని రాసి చూపించాడు.

పాపం చెవిటివాడనుకుని ఓర్విన్ గొంతు పెంచాడు.

"గంట పడుతుంది. కాఫీ అక్కడుంది. కూర్చోండి."

ముసలాయన కూర్చోలేదు. నేరుగా ఆర్డిస్ కారు దగ్గరికి వచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. దాని మొనని ఒక్కో ఇంజెక్టర్ మీదా ఆనించి, పిడి దగ్గర చెవి పెట్టాడు. చెవిటాయన వినేదేమిటని ఓర్విన్‌కి నవ్వొచ్చింది.

ముసలాయన రాశాడు. 'మిగతావి టిక్కుటిక్కుమంటున్నాయి. మూడోది పలకడం లేదు. అయినా తప్పు దానిది కాకపోవచ్చు. మూడూ నాలుగూ అటూ ఇటూ మార్చి చూడు. తర్వాత దానికొచ్చే కరెంటు తీగ చూడు.'

ఓర్విన్ ఆ కాగితం చదవకుండానే పుస్తకంలోంచి చింపి, ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశాడు.

"కంప్యూటర్‌కి తెలీనిది మీకు తెలుసా?"

ఆర్డిస్ కిసుక్కున నవ్వింది. "పోనీ అడగరాదూ? నీకైతే తెలియడం లేదుగా."

ముసలాయన ఇంకో మాట రాసి, ఈసారి అతని కళ్ళ ముందే పట్టుకున్నాడు. 'చిక్కుపడితే ఎవరినైనా అడుగుతావా?'

ఆర్డిస్ ఎదుట ఓర్విన్‌కి రోషం పొడుచుకొచ్చింది.

"నేనెవర్నీ అడగనండీ. నాకెవరూ నేర్పలేదు, నా అంతట నేనే నేర్చుకున్నా."

మాట నోరు దాటగానే అతనికే మనసు చివుక్కుమంది. ఆ గొంతుకి ద్రోహం చేసినట్టనిపించింది.

ముసలాయన అతనికేసి చాలాసేపు చూశాడు. ఏదో రాయబోయి, చిన్నగా నవ్వి, పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. ఆయిల్ మార్చడం అయ్యాక ఓర్విన్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కాసేపు వదల్లేదు. తర్వాత వెళ్ళిపోయాడు.

ఓర్విన్ మళ్ళీ ఇంజెక్టరే మార్చి పంపిన కారుని మర్నాడు ఆర్డిస్ ట్రాక్టర్ వెనక కట్టుకుని వచ్చింది.

ఓర్విన్ చెత్తబుట్టలో వెతికి ఆ కాగితం చదివాడు. మూడోదాన్నీ నాలుగోదాన్నీ అటూ ఇటూ మార్చి, ఇంజను వేడెక్కనిచ్చాడు. అయినా పలకనిది మూడో చోటే. అంటే ఇంజెక్టర్ మంచిదే. తీగని వేళ్ళతో తడుముతూ పోతే ఒకచోట మెత్తగా వంగింది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగింది. చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని, వేడికి విడిపోతోంది.

అతికించాక కారు హాయిగా నడిచింది.

"మొనగాడే మీ చెవిటాయన," అంది ఆర్డిస్.

"మళ్ళీ వస్తే క్షమించమని అడగాలి," అన్నాడు ఓర్విన్. ఆ రోజు నుంచీ తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసేవాడు.

మంచు కరిగే రోజుల్లో షెడ్డు ఫోను మోగింది. ఎవరో ఆడమనిషి.

"ఓర్విన్ గారేనా? జనవరిలో మా అన్నయ్య మీ దగ్గర ఆయిల్ మార్పించుకున్నాడు. అన్నీ రాసి చూపిస్తాడు..."

"ఎలా మరిచిపోతానమ్మా? ఆయన చెప్పిందే నిజమైంది. తప్పయిపోయిందని చెప్పండి. నేనే చెబుదామంటే ఆయనకి వినపడదాయె."

"వినపడకపోవడమేం? చక్కగా వినపడేది. పోయిన గురువారం దాకా."

ఓర్విన్ చేతిలోని స్పానర్ పక్కన పెట్టాడు.

"డాక్టర్లు వద్దంటున్నా వినకుండా, రెండు రోజులు కారు నడుపుకుంటూ మీ ఊరొచ్చాడు. ఇంక మీరెవర్నీ అడగనక్కర్లేదని తెలిసి ఎంత మురిసిపోయాడో."

"నా గురించి ఆయనకెందుకమ్మా అంత?"



"మూడేళ్ళ కిందట క్యాన్సరొచ్చి తీసేశారు గానీ, ఒకప్పుడు ఇరవయ్యేళ్ళపాటు మెకానిక్కులకి ఫోనులో జవాబు చెప్పింది మా అన్నయ్య గొంతే బాబూ."