రేపటి నుంచి ఫోన్

“ఈ దగ్గు తీసేయండి బాబాయ్. మరీ ఓవర్‌గా ఉంది,” అంది టీమ్ లీడర్, హెడ్‌ఫోన్స్ లాగి బల్ల మీద పడేస్తూ.

“తీస్తే బాగుండదు మేడమ్,” అన్నాడు బాబాయ్.

సౌండ్ పని చూసే ఆయన్ని ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు. మిగతావాళ్ళంతా కుర్రకారు, నెరిసిన తల ఆయనొక్కడిదే. వానలు మొదలయ్యాక చేరాడు. వస్తాడు, పని చేసుకుంటాడు, వెళ్ళిపోతాడు. ఇంట్లో ఎవరున్నారో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

వాళ్ళు తయారు చేస్తున్నది ఒక యాప్. మీ వీధి పేరు టైప్ చేస్తే, భూమి ఇలాగే వేడెక్కుతూ పోతే ముప్పై ఏళ్ళ తర్వాత ఆ వీధి ఎలా ఉంటుందో తెర మీద కనిపిస్తుంది. మోడువారిన చెట్లు, మట్టిరంగు ఆకాశం, మూసేసిన కిటికీలు. అవి చూస్తుండగానే ఫోన్ మోగుతుంది. ఎత్తితే ఆ కాలపు పాప ఒకతి మాట్లాడుతుంది.

“ఇక్కడంతా పొగ. కిటికీలు మూసేశా. అయినా లోపలికొచ్చేస్తోంది. కళ్ళు మండుతున్నాయి. ఎప్పుడొస్తావ్?” ఆ తర్వాత ఆగని దగ్గు. దగ్గులోనే నలిగిపోతూ, “తొందరగా రా.” అంతే, ఫోన్ కట్టయిపోతుంది.

“ఎవరు బాబాయ్ ఈ చైల్డ్ ఆర్టిస్ట్? దగ్గమంటే ఇరగదీసేసింది!” అంది బొమ్మలు గీసే అమ్మాయి, కుర్చీతో సహా ఇటు దొర్లుకొస్తూ.

బాబాయ్ తెర వైపు తిరిగాడు. మౌస్ కాస్త అటు జరిపాడు, మళ్ళీ ఇటు జరిపాడు.

“నేను రాసిచ్చిన డైలాగులు ఇవి కావుగా?” టీమ్ లీడర్ వదల్లేదు.

“కావు మేడమ్. అవి చాలామంది పిల్లలతో చెప్పించాం కదా. ఎవరు చెప్పినా బళ్ళో పాఠం అప్పజెప్పినట్టే ఉంది.”

ఆ మాట నిజమే. వాటిని వద్దన్నది కూడా ఆవిడే.

“పోనీ, కంప్యూటర్‌తో పుట్టించిన గొంతా ఇది? అదైతే ఇప్పుడే చెప్పేయండి. తర్వాత బయటపడితే మన పరువు బజారున పడుతుంది.”

“కంప్యూటర్ కాదు మేడమ్. పిల్లే.”

“ఉండండక్కా, ఒకళ్ళకి వినిపించి చూద్దాం,” అని బొమ్మల అమ్మాయి ఫోన్ పట్టుకుని రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి దగ్గరికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆమె మొహంలో నవ్వు లేదు.

“ఏమంది?”

“యాప్ అని చెప్పేలోపే లేచి నిలబడింది. ‘ఏ వీధి? ఎవరైనా వెళ్ళారా?’ అని అడిగింది.”

టీమ్ లీడర్ కాసేపు గోళ్ళు కొరుక్కుంది. “సరే, ఉంచండి. వచ్చే పెద్దమనిషి ఏమంటాడో చూద్దాం.”

మధ్యాహ్నం స్పాన్సర్ల తరఫున ఆ పెద్దమనిషి వచ్చాడు. ఆయన ఊ అంటే యాప్ జనంలోకి వెళ్తుంది, లేదంటే అక్కడితో సరి. మీటింగ్ రూమ్‌లో ఏసీ ఇంకొంచెం పెంచమని, ఫోన్ చెవికి ఆనించుకుని చివరిదాకా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“గొంతు బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ ఇలా హడలగొడితే జనం మొదటి రోజే యాప్ పీకేస్తారు. కాస్త ఆశ కనిపించాలి. ఈ పాపతోనే మళ్ళీ చెప్పించండి. ‘మీరంతా మొక్కలు నాటండి, నేను హాయిగా ఆడుకుంటాను’ అని. నవ్వుతూ చెప్పాలి సుమా.”

“అలాగే సార్,” అంది టీమ్ లీడర్. ఆ మాట ఆవిడకే చేదుగా తగిలింది.

ఆవిడ బాబాయ్ సీటు దగ్గరికి వెళ్ళేసరికి మిగతావాళ్ళు టీకి దిగారు.

“బాబాయ్, రేపు ఆ పాపని తీసుకురండి. గంటలో పంపించేద్దాం.”

“రాదు మేడమ్.”

“స్కూలుందా? సాయంత్రం పెట్టుకుందాం లెండి.”

“రాదు.”

“ఏమిటండీ ఈ మొండితనం? దగ్గు తీయమంటే తీయరు, పిల్లని పిలవమంటే పిలవరు! ఇంతమందిమి పడ్డ కష్టం మీ పంతానికి బలి కావాలా?”

ఆయన తలెత్తలేదు. తెర మీద ఎగుడుదిగుడు గీతల్లా పరుచుకున్న ఆ గొంతు వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

“ఇది ఎవరో చెప్పిస్తే చెప్పింది కాదు మేడమ్. పోయిన వేసవిలో కొండల మీద అడవి తగలబడి ఊరంతా పొగ కమ్మేసింది చూశారూ, అప్పటి వాయిస్ మెసేజ్. ముందే ఆయాసం ఉన్న పిల్ల. ఇంట్లో ఒక్కతే ఉంది. మనిషి వెళ్ళి తలుపు తీసేసరికి ఊపిరి లేదు.”

టీమ్ లీడర్ కుర్చీ వీపు పట్టుకుంది. పొద్దుటి నుంచి తను అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. భయం వేసింది. ఆ భయమే కోపమై బయటికొచ్చింది.

“చనిపోయిన పిల్ల గొంతా! ఎవరిది? మీ చేతికెలా వచ్చింది? రేపు ఊరూవాడా దీన్ని వింటుంటే కన్నవాళ్ళు ఏమైపోతారు? అసలు వాళ్ళనొక మాట అడిగారా?”

బాబాయ్ ఆ గీతల మొదట్లో వేలు పెట్టి చూపించాడు.

“మీరు దగ్గు కోయమన్నారు, నా వల్ల కాలేదు. కానీ ఇక్కడ ఒక్క మాట మాత్రం నేనే కోసేశాను మేడమ్. ‘నాన్నా’ అని పిలిచింది.”