నాలుగు ఊళ్ల బట్టలు

"ఎడారి అన్నావు, అక్కడ రాత్రిళ్లు చలేస్తుందటగా?" అంటూ అమ్మ సర్దిన నూలు బట్టలన్నీ మళ్లీ బయటికి తీసి, పెట్టె అడుగున శాలువా పరిచింది.

కూతురు గడియారం వంక చూసింది. నాలుగూ పది. నాలుగున్నరకల్లా అతను బస్టాండు గేటు దగ్గర ఉంటాడు. రేపు పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసులో అతనితో పెళ్లి. ఆదివారం నాన్న చూసిన సంబంధంవాళ్లు వచ్చేలోగా అయిపోవాలి. ముందు నాన్న రాకుండా గడప దాటాలి. వచ్చాడంటే బస్సెక్కించేదాకా వదలడు.

తప్పు తనదే. మట్టి పరీక్షల లేబులో ఉద్యోగం కదా, నమూనాలు తేవడానికి ఏదో ఒక ఊరు వెళ్తున్నానంటే సరిపోయేది. కంగారులో ఎడారి, సముద్రతీరం, అడవి, మంచుకొండ అంటూ నాలుగూ వల్లించేసింది. ఇప్పుడా నాలుగింటికీ అమ్మ బట్టలు సర్దుతోంది.

"అడవిలో జలగలుంటాయేమో. పొడుగు మేజోళ్లు పెట్టనా?"

"అమ్మా! పదిరోజులే. ఏదో ఒకటి పడేయి."

"పడేయడానికి ఇదేమన్నా చెత్తబుట్టా? ఆ రెయిన్‌కోటు ఇటివ్వు."

పెట్టె పొట్ట ఉబ్బింది.

"ఈ బరువుతో నేను నడవాలా, దొర్లాలా?"

"మోసేవాళ్లు దొరక్కపోరులే."

ఫోను వణికింది. కూతురు దాన్ని బోర్లా తిప్పింది. "నాన్న ఏరీ?"

"మిక్సీ బాగుచేయించుకు రమ్మని పంపా."

"పొద్దున బాగానే తిరిగిందిగా!"

"మధ్యాహ్నం తిరగలేదు. దగ్గరుండి మరీ చేయించమన్నాను. ఆరా తర్వాత తీద్దువుగానీ, మూత మీద కూర్చో!"

కూర్చుంది. జిప్పు మూల దగ్గర మొరాయించింది. అమ్మ మోకాలు ఆనించి ఒక్క లాగు లాగింది. నుదుటి నిండా చెమట. ఆ ముఖం చూడలేక కూతురు తల తిప్పుకుంది. రేపీపాటికి ఈ మనిషి ఏమైపోతుందో! చెప్పేద్దామనిపించింది.

"అమ్మా, నేను..."

"వెళ్లొస్తానని చెప్పు, చాలు. అదిగో, ఆటో వచ్చింది."

పెట్టె ఎక్కించేసరికి ఆటో ఓ పక్కకి ఒరిగింది. అమ్మ లోపలికి వంగి, కొంగుతో కూతురి నుదురు తుడిచింది.

"జాగ్రత్త. శాలువా మడతలో కొత్త స్వెట్టరుంది."

"నా స్వెట్టరు పెట్టావుగా, మళ్లీ ఇంకోటెందుకు?"

"ఇది నీక్కాదే," అంది అమ్మ, వీధి చివరికి ఓసారి చూసి. "అల్లుడి కొలతలు తెలీక కాస్త వదులుగానే అల్లాను."