నిండు మార్కులు

గాజు తలుపు అవతల మనిషి మళ్ళీ తట్టాడు.

"మీ రిపోర్టు నిన్ననే ఇచ్చాంగా," అంది తొందరమ్మ, తలుపు సగమే తీసి.

ఏ పనైనా ఇట్టే ముగిస్తుందని ల్యాబ్‌లో ఆ ప్రోగ్రామర్‌కు పెట్టిన పేరది. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా.

"నా ఎముక మూలుగ ఎవరికీ సరిపోదని రాశారమ్మా. ఒక్కసారి మళ్ళీ చూస్తారేమోనని."

"మీవాళ్ళెవరికైనా కావాలా?"

"కావాల్సినవాడు పోయాడమ్మా. మా తమ్ముడు. దాత దొరకలేదు." అతను టోపీ చేతుల్లో నలిపాడు. "ఇంకొకరికైనా పనికొస్తుందని పరీక్షకు నెత్తురిచ్చాను. రేపు డ్యూటీకి ఓడెక్కేస్తాను."

బల్లమీద ఫోను మోగింది. బావ.

"ఈ నెల దాటితే కష్టమంటున్నాడమ్మా డాక్టరు. దాత సంగతి ఏమైనా తెలిసిందా?"

"వెతుకుతున్నారు బావా."

అక్కకు ఇంట్లో ఎవరి మూలుగా సరిపోలేదు, తనది కూడా. ఆ దిగులు ఆమెను లోపల్లోపల తినేస్తోంది.

కళ్ళు తుడుచుకుని అతని ఫైలు తెరిచింది. డీఎన్‌ఏ అక్షరాలు బారులు తీరాయి. ఒక్కో అక్షరాన్ని యంత్రం ఎంత నమ్మకంగా చదివిందో చెప్పే మార్కు దాని కిందే ఉంది. అన్నీ నిండు మార్కులే.

"ఇంత శుభ్రంగా ఎవరిదీ రాదు. మళ్ళీ చూడ్డానికేం లేదు. వెళ్ళిరండి."

"శ్రమిచ్చానమ్మా," అని అతను మెట్లు దిగాడు.

వారం తిరిగాక, పాత ఫైళ్ళు తిరగేస్తున్న ల్యాబ్ పెద్దాయన ఆమెను పిలిచాడు.

"ఇదేంటమ్మా? నెత్తురులోంచి చదివింది చివరికొచ్చేసరికి కొంచెమైనా తడబడుతుంది, మార్కులు తగ్గుతాయి. ఇది మొదట్నించీ చివరిదాకా పెళ్ళికొడుకులా ఉంది."



ప్రోగ్రాము సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి కంప్యూటర్లో ఉత్తుత్తి డీఎన్‌ఏ తయారుచేసింది తనే. మార్కులెవరు చూస్తారులే అని అన్నీ నిండుగా వేసింది తనే. కొత్త పేరు పెట్టడానికి ఓపిక లేక, ఎదురుగా ఉన్న పేరుతోనే సేవ్ చేసేసింది. అది అతని ఫైలు పేరు.

"అంటే రిపోర్టు ఇచ్చింది నా ఉత్తుత్తిదానికి," అంది గొణుగుతూ.

"అసలుది యంత్రంలో ఉంటుంది. మళ్ళీ నడుపు."

నడిపింది. ఈసారి మార్కులు చివరికి తగ్గుతూ వచ్చాయి. ఫలితం చూసి వెంటనే ఓడ కంపెనీకి ఫోను చేసింది.

"నడిసముద్రంలో ఉన్నారండీ. రెండు నెలలదాకా రేవు లేదు. ఏమైనా చెప్పమంటారా?"



తెరమీద, సరిపోయిన రోగి అన్నచోట, అక్క పేరుంది.