ఎల్వియా ఫలితం

సులేమా నిశ్చితార్థపు ఉంగరాన్ని ఎఫ్రైన్‌కు తిరిగిచ్చేసిందని తెలిసిన మర్నాడే అక్క ఎల్వియా ఆమెను ఆసుపత్రికి లాక్కొచ్చింది. తల్లి ఒర్తెన్సియా కూడా వెంట వచ్చింది. మందుల దెబ్బకు జుట్టు రాలిన తలకు రుమాలు కట్టుకుని, తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది.

జన్యు సలహాలు చెప్పే అరసెలి కూడా వాళ్ల సమాజపు మనిషే. శాన్ ఆంటోనియోలో ఒకరికి జబ్బు చేస్తే ఇల్లంతా కదిలొస్తుందని ఆమెకు తెలుసు. అదనంగా కుర్చీలు వేయించింది. ముందు పెద్దావిడను పలకరించి, కాఫీ ఇచ్చి, ఆ తర్వాతే కాగితం తీసింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఒర్తెన్సియా చెప్పగా గీసిన వంశవృక్షం అది. పైన రొమ్ము క్యాన్సర్‌తో పోయిన అమ్మమ్మ. కింద అదే జబ్బుతో ఒర్తెన్సియా. ఆమె కింద ముప్పై అయిదేళ్ల ఎల్వియా, ఇరవై ఏళ్ల సులేమా.

ఇద్దరి మధ్య ఇంత ఎడం ఏమిటని అరసెలి ఆనాడే అడిగింది. దేవుడు ఆలస్యంగా ఇచ్చాడంది ఒర్తెన్సియా. ఇంటి పెద్దను గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదు. అరసెలి ఊరుకుంది.

ఎల్వియా రక్త పరీక్ష ఫలితం కిందటి వారమే వచ్చింది. తల్లి జన్యువులోని లోపం ఆమెకు రాలేదు.

"అది నీ దగ్గర ఆగిపోయింది. నీ నుంచి నీ పిల్లలకు పోదు," అని అరసెలి చెప్పినప్పుడు ఎల్వియా వెక్కి వెక్కి ఏడ్చింది. తనొక్కతే తప్పించుకున్నందుకు బాధపడుతోందనుకుంది అరసెలి.

సులేమా మాత్రం ఇవాళ కూడా రక్తం ఇవ్వనంది. ఉందని తేలితే ఆ భయంతో బతకలేనంది. ఎఫ్రైన్‌కు పిల్లలంటే ప్రాణం. తను ఆడపిల్లను కని దాని నెత్తిన ఈ జబ్బు పెట్టలేనంది. అందుకే పెళ్లి వద్దనుకుంది.

"ఒక్క సూది గుచ్చితే ప్రాణం పోదులే," అంది ఎల్వియా.

"నీకేం అక్కా, గట్టెక్కావు. పదిహేనో ఏట మనలో ఆడపిల్లలందరూ చేసుకునే పండుగ కూడా వద్దని పిన్ని వాళ్ల ఊరెళ్లి కూర్చున్నదానివి. పెళ్లీ పిల్లల సంగతి నీకేం తెలుసు?"

ఎల్వియా తల్లి వైపు చూసింది. ఒర్తెన్సియా వద్దన్నట్టు తల ఊపింది. ఎల్వియా చూపు తిప్పుకోలేదు. కాసేపటికి ఒర్తెన్సియా కళ్లు మూసుకుంది.

అరసెలి లేచి బయటికి వెళ్లబోయింది. మీరూ ఉండండి అంది ఎల్వియా. చెల్లెలి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చల్లబడిన ఆ చేతులు రెండూ పట్టుకుంది.

"నాకు లేనిది నీకెలా వస్తుందే, నిన్ను కన్నది నేను."