శనివారం గంట

"పొయ్యి గొట్టం కూడా ఊడదీసేశారు సీవెర్ గారూ. అవతలి చర్చిలో ఇక ఆరాధన ఉండదు," అన్నాడు పాస్టర్ లుండే.

"అయితే శనివారం సాయంత్రం గంట ఎవరు కొడుతున్నట్టు? గాలి కొడుతోందా?" అన్నాడు సీవెర్.

పాస్టర్ తన కప్పులోకి చూసుకున్నాడు. "ఆస్లాక్ సంగతి మీకు..."

"కాఫీ చల్లారిపోతోంది, తాగండి," అంది రాగ్నీ, తన ఉన్ని చేతి తొడుగుకి మాసిక వేస్తూనే. పాస్టర్ ఆమె వైపు చూసి, మాట మింగేసి కాఫీ తాగాడు.

ఆస్లాక్ పేరు ఆ ఇంట్లో ఎత్తకూడదు. అతను సీవెర్‌కి తోడబుట్టిన అన్న. నార్వే నుంచి అమెరికాలోని ఈ డకోటా మైదానానికి వచ్చిన వాళ్ల పెద్దలు, తాము మట్టి ఇళ్లలో ఉంటూనే ముందు చర్చి కట్టుకున్నారు. తర్వాత ఒక వాదం పుట్టింది. దేవుడు మనిషిని పరలోకానికి ముందే ఎంచుకుంటాడా, వాడి విశ్వాసం చూసి ఎంచుకుంటాడా? తేల్చుకోలేక ఊరే రెండు ముక్కలైంది. పాత చర్చి ఆస్లాక్ పక్షానికి మిగిలింది. సీవెర్ పక్షం వాగుకి ఇవతల కొత్తది కట్టుకుని, పక్కనే నార్వే భాషలో పిల్లల బడి వేసుకుంది. ఆ బడికి పంతులు సీవెరే. ఇంగ్లీషు బడి వచ్చాక పిల్లలు తగ్గారు. ఆ పైన కరువొచ్చి పొలాలను దుమ్ము చేసి ఎత్తుకుపోయింది, మనుషులు పడమటికి పోయారు. బల్లలు మాత్రం ఉన్నాయి. సీవెర్ వాటిని ఇప్పటికీ తుడుస్తుంటాడు, అదొక పిచ్చి.

"మన వైపు మాత్రం ఎవరున్నారు చెప్పండి? రెండు చర్చిలూ మూసేయమని పైవాళ్లు అంటున్నారు. మిగిలిన పెద్ద మీరొక్కరే. ఒప్పుకోండి," అన్నాడు పాస్టర్.

"వాడు తాడు వదలనంత కాలం నేనూ వదలను. ఆ గంట ఆగిన రోజున తాళంచెవి నేనే తెచ్చి మీ చేతిలో పెడతాను. అందాకా ఈ మాట ఎత్తకండి."

సీవెర్ మాటంటే మాటే. రాగ్నీకి అది పెళ్లయిన నాటి నుంచీ తెలుసు.

శనివారం పొద్దు వాలగానే సీవెర్ చర్చికి బయల్దేరాడు. "నేను కోళ్లను మూసి వస్తా," అని రాగ్నీ బకెట్ అందుకుంది.

ఆదివారాన్ని పిలిచే ఆ గంట ముందు పాత చర్చిలో మోగాలి. అది ఆగాకే కొత్త చర్చిలో కొట్టాలి. ఎంత పగ ఉన్నా సీవెర్ ఆ వరస తప్పలేదు. తాడు పట్టుకుని చెవి రిక్కించాడు. చెట్ల వరస వెనక నుంచి గంట వినిపించింది, బలహీనంగా, తడబడుతూ. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఈ పాడుబడ్డ నేల మీద తనకు జవాబు చెప్పేవాడు ఇంకా ఒకడున్నాడు, పగవాడైతేనేం. అది ఆగగానే ఒంటి బరువంతా వేసి లాగాడు.

బడి బల్లలు తుడిచి ఇంటికొచ్చేసరికి రాగ్నీ పొయ్యి దగ్గర ఉంది.

"వాడి పనయిపోయిందే. పోయిన కోతల నుంచీ చూస్తున్నా, తాడు పిల్లి లాగినట్టుంది."

"వయసు మీద పడింది కదా," అంది ఆమె భుజం రుద్దుకుంటూ.

"నేనేమన్నా కుర్రాణ్ణా? నా గంట విన్నావా?"

"వినకేం, చెవులు చిల్లులు పడ్డాయి."

"వాడికీ పడుండాలి," అని సంబరపడ్డాడు సీవెర్.

మరో రెండు వారాలకి, శనివారం నాడే, మంచువాన పట్టుకుంది.

"కోళ్లు ఒక్కపూట ఆగలేవా?" అన్నాడు.

"నువ్వు ఆగుతావా?" అంది రాగ్నీ, తలకు శాలువా చుట్టుకుంటూ.

ఆ రోజు అవతలి గంట చాలా ఆలస్యమైంది. సీవెర్ విసుగెత్తి తాడు వదలబోతుండగా మోగింది. ఇంటికొస్తే రాగ్నీ నడుం దాకా తడిసి, పళ్లు టకటకలాడిస్తూ కూర్చుని ఉంది. కోళ్ల కోసం చస్తావా అని తిట్టాడు. రాత్రికి జ్వరం వచ్చింది. డాక్టరు మంచులో దారి చేసుకుని వచ్చేసరికి ఊపిరితిత్తులు నిమ్ముతో నిండిపోయాయి.

"ఒక్కసారి వెళ్లి మీ అన్నను చూడు," అంది ఆమె.

"ముందు వాణ్ని రమ్మను."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ లేవలేదు.

శుక్రవారం పూడ్చిపెట్టారు. ఆస్లాక్ రాలేదు, వస్తాడని సీవెర్ అనుకోనూ లేదు. శనివారం ఆమె చేతి తొడుగులు పొయ్యి పక్కనే ఆరి ఉన్నాయి. మాసికలు వేసిన అరచేతులు మళ్లీ చిరిగిపోయాయి. బకెట్ పిడి ఇంతలా కోస్తుందా అనుకుని, వాటిని తొడుక్కుని చర్చికి నడిచాడు. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

తాడు పట్టుకుని చెట్ల వైపు చూశాడు.

"ఇక నాకు మిగిలింది నువ్వొక్కడివేరా అన్నా. కొట్టు," అన్నాడు.

పొద్దు పూర్తిగా కుంగింది.

అవతలి గంట మోగలేదు.