రెండో కీబోర్డు

చీకటిపడింది. అశోక్ నగర్ ఆడిటర్ ఆఫీసులో సుహాసిని ఒక్కతే మిగిలింది. ఈ రాత్రికి మెయిల్ వెళ్లకపోతే రేపటికి ఉద్యోగం ఉండదు. పొద్దున సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసినప్పటి నుంచి కొట్టిన అక్షరం ఆలస్యంగా పడుతోంది.

కంప్యూటర్లు బాగుచేసే ఉమాకాంత్‌కి ఫోన్ చేసింది. అతను ఇంటి నుంచే ఆమె సిస్టమ్‌లోకి వచ్చి చూశాడు.

“అక్కా, దీనికి రెండు కీబోర్డులు కలిసినయి. వైరు లేనిదాని మీద ఎవరో కొడుతున్నరు. జర ఆపమను.”

“ఎవర్ని? నేనొక్కదాన్నే ఉన్నాను. వేళాకోళాలొద్దు తమ్ముడూ!”

“మజాక్ కాదక్కా. నువ్వు చేతులు తియ్యి.”

తీసింది. తాళం వేసిన ఫైళ్ల గదిలో టక్‌మంది. తెర మీద ఓ అక్షరం పడింది. మళ్లీ టక్. మళ్లీ అక్షరం.

“మెయిల్ గియిల్ ఇడిసిపెట్టక్కా, బయటికి ఉరుకు!”

ఆమె కుర్చీలోంచి లేచింది. లోపల గబగబా టక్‌టక్ చప్పుడైంది.

తెర మీద ‘కూర్చో’ అని పడింది.